వెండి రేణువును సూక్ష్మజీవియు

1880వ సంవత్సరమున జర్మనీ దేశమందలి లైప్‌జిగ్ నగరపు ప్రసూతి వైద్యశాలలో కార్ల్ క్రేడే అను వైద్యుడు, అప్పుడే పుట్టిన బిడ్డల కన్నులలో గాజుపుల్ల కొనతో ఒక్కొక్క చుక్క చొప్పున సిల్వర్ నైట్రేట్ ద్రావణమును వేయ నారంభించెను. ఆ ద్రావణమున వెండిలవణము నూటికి రెండుపాళ్లు మాత్రమే. తల్లి జననమార్గమున గనేరియా సూక్ష్మజీవు లుండుటచే, ప్రసవసమయముననే వాటి బారినబడి, కన్నులు వాచి, చీముపట్టి, లోకమును చూడకమున్నే చూపు గోల్పోవు శిశువులు ఆ కాలమున ఐరోపాలో అసంఖ్యాకులు. ఆ వైద్యశాలలోనే నూటికి పదిమంది వరకు ఆ నేత్రవ్యాధికి లోనగుచుండిరి. ఆ ఒక్క చుక్క వేయ మొదలిడిన పిమ్మట అట్టివారి సంఖ్య నూటికి ఒక్కరికంటె తక్కువయ్యెను. వైద్యచరిత్రలో ఇంత స్వల్పవ్యయముతో ఇంత మహోపకారము చేసిన చికిత్సలు మిక్కిలి అరుదు.

వెండి ఏ విధమున సూక్ష్మజీవిని చంపుచున్నదో క్రేడేకు తెలియదు. తెలిసికొను సాధనములును ఆనాడు లేవు. స్విట్జర్లండుకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు నేగెలి, రాగినాణెములు ముంచి యుంచిన నీటిలో స్పైరోగైరా అను నాచు చనిపోవుచుండుట గమనించి, తక్కెడకు అందని అత్యల్ప పరిమాణమున కరిగిన లోహమే అందుకు హేతువని నిరూపించెను. ఆ వ్యాసము ఆయన మరణానంతరము 1893లో ప్రకటింపబడినది. లోహము ఎంత కొద్దిగానున్నను చాలునన్న ఈ విషయము, నూరేండ్ల తరువాత నానోరేణువుల ప్రస్తావన వచ్చినప్పుడు మరల ప్రాధాన్యము వహించినది.

వెండిపాత్రయందలి నీరు చెడదను నమ్మకము చాల ప్రాచీనమైనది. పారసీక చక్రవర్తి సైరస్ దండయాత్రకు వెడలునప్పుడు కోయస్పీస్ నదీజలమును కాచి వెండిపాత్రలలో నింపి బండ్లమీద వెంట గొనిపోవుచుండెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసియున్నాడు. మన యిండ్లలో సైతము కలిగినవారు పసిబిడ్డకు ఉగ్గుగిన్నెను వెండితో చేయించుట నేటికిని ఉన్న ఆచారమే. ఆ గిన్నె బిడ్డను రోగములనుండి కాచునని చెప్పుటకు మాత్రము నేను సాహసింపను. ఏలనో ముందు తెలియగలదు.

ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున వెండి వైద్యరంగమునుండి ఇంచుమించు నిష్క్రమించినది. 1928లో ఫ్లెమింగ్ కనుగొనిన పెన్సిలిన్, 1935లో డోమాక్ ప్రకటించిన ప్రోంటోసిల్, వాటి వెంట వరుసగా వచ్చిన యాంటీబయాటిక్ మందులు, రక్తములో ప్రవేశించి దేహములో నే మూలనున్న సూక్ష్మజీవినైనను వెదకి చంపగల సామర్థ్యము కలవి యగుటచే, పైపూతకును కంటిచుక్కకును మాత్రమే పనికివచ్చు వెండిని ఎవరు స్మరింతురు? ఆ మహోద్యమమున మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి గల స్థానము తెలుగువారు మరువరానిది. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు వారు అధిపతిగా నున్న కాలముననే, వారి ప్రోత్సాహముతో డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక జీవినుండి ఆరియోమైసిన్‌ను సాధించెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు పరమపదించిరి.

అయితే ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమానము స్వీకరించుచు చేసిన ప్రసంగముననే, చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడినచో సూక్ష్మజీవులు దానికి అలవాటుపడి లొంగకుండ పోవునని హెచ్చరించియుండెను. ఆ హెచ్చరికను లోకము చెవినిడలేదు. మందులకు లొంగని బాక్టీరియాల మూలముననే 2019వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది ప్రాణములు కోల్పోయిరని పరిశోధకులు అంచనా కట్టిరి. ఒక్కొక్క కొత్త మందును కనుగొనుటకు ఏండ్లు పట్టుచుండగా, సూక్ష్మజీవి దానిని త్రోసిపుచ్చు ఉపాయమును అంతకంటె శీఘ్రముగా కనుగొనుచున్నది. ఇట్టి స్థితిలో వైద్యులును రసాయనశాస్త్రజ్ఞులును వదలివేసిన వెండివంక మరల దృష్టి సారించిరి. కాని ఈ పర్యాయము అది లవణరూపమున గాక, లోహరూపముననే, ఊహకు అందనంత సూక్ష్మముగా విభజింపబడి వచ్చినది.

ఆ సూక్ష్మత ఎట్టిదో కొంచెము లెక్కవేసి చూతము. ఒక సెంటీమీటరు పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు గల వెండిదిమ్మ తులమునకు కొంచెము తక్కువగా, పదిన్నర గ్రాములు తూగును. దాని ఆరు ముఖముల వైశాల్యము కలిపి ఆరు చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు దానిని ప్రక్కకు పది నానోమీటర్లు మాత్రమే యుండు దిమ్మలుగా ఖండించితిమనుకొందము. నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. అట్టి తునుకలు 1 ప్రక్కన 18 సున్నలు పెట్టినంత సంఖ్యలో వచ్చును. వెండి గ్రామైనను పెరుగలేదు, తరుగలేదు. కాని వాటి ముఖముల మొత్తము వైశాల్యము 600 చదరపు మీటర్లు, అనగా ఇంచుమించు 15 సెంట్ల నేల యగును. తులము వెండి పదునైదు సెంట్ల స్థలమునందు గాలికిని నీటికిని ఎదురుపడుచున్నది. రసాయనక్రియ యంతయు ఉపరితలముననే జరుగును గనుక, దిమ్మగా నున్నప్పుడు నిద్రాణమైయున్న లోహము ఈ స్థితిలో అత్యంత చురుకుదన మలవరచుకొనును. ఇక మన ప్రేగులలో నివసించు ఈ.కోలై బాక్టీరియా నిడివి సుమారు రెండు మైక్రోమీటర్లు. దాని పొడవునకు సరిపోవలెనన్నచో ఈ రేణువులను రెండువందలు వరుసగా పేర్చవలసియుండును.

ఇట్టి రేణువులను తయారుచేయుట నిజముగా కత్తితో కోయుట కాదు. మంచుముక్కల నడుమ నుంచిన గాజుకుప్పెలో సోడియం బోరోహైడ్రైడ్ ద్రావణమును పోసి, కలియద్రిప్పుచు, అందులోనికి పలుచని సిల్వర్ నైట్రేట్ ద్రావణమును చుక్కచుక్కగా విడుతురు. రెండు ద్రావణములును నీటివలె వర్ణరహితములే. కొన్ని చుక్కలు పడిన మాత్రముననే కుప్పెలో లేత పసుపుఛాయ పొడసూపి, క్రమముగా చిక్కనగును. వెండి యనగానే తెల్లని మెరుపు తలచుకొను కంటికి ఆ పసుపు ఎక్కడినుండి వచ్చెనని ఆశ్చర్యము తోచును. రేణువులోని ఎలక్ట్రాన్‌లు, తమపై బడిన వెలుతురులో నీలలోహితభాగపు లయకు అనుగుణముగా మూకుమ్మడిగా ఊగి ఆ భాగమును హరించుటచే, మిగిలిన వెలుతురు మనకు పసుపుగా కనుపించును. ఆ కుప్పెలో చిటికెడు ఉప్పు వేసి చూడుడు: పసుపు వెలసి, బూడిదరంగు తిరిగి, కొంతసేపటికి నల్లని మడ్డి అడుగున చేరును. రేణువులు ఒకదానినొకటి అంటుకొని గడ్డకట్టినవి. నానోరేణువుల గుణము అంతటితో సమాప్తము. అందుచేతనే సిట్రేట్ వంటి పదార్థమును పైతొడుగుగా తొడిగి అవి కలియకుండ కాపాడుదురు. ఈ పని కొత్తదనుకొనరాదు. ఫారడే 1857లోనే బంగారపు సూక్ష్మరేణువుల ఎర్రని ద్రవమును చేసి చూపెను. అమెరికాకు చెందిన కేరీ లీ 1889లో సిట్రేట్ తొడుగుగల వెండిరేణువులను తయారుచేసెను. 1897నుండి కొలార్గోల్ అను పేర వెండి కొల్లాయిడ్ ఔషధముగా అమ్మకమునకు వచ్చినది. నానో యను పేరు లేకున్నను వస్తువు ఉన్నది.

మన దేశమున పూనాలోని జాతీయ రసాయన పరిశోధనాలయమువారు 2004లో వేపాకు కషాయముతోనే వెండి, బంగారు రేణువులను పుట్టింపవచ్చునని ప్రకటించిరి. ఆకులోని చక్కెరలు, ఇతర ద్రవ్యములు లోహమును విడదీయుటయు, తామే తొడుగుగా అంటియుండుటయు ఒక్కమారే చేయును. ఆ తరువాత ఈ పద్ధతి ఎంతగా వ్యాపించినదనగా, పెరటిలోని చెట్లనెల్ల ఒక్కొక్క పరిశోధనావ్యాసమునకు ఆధారము చేసికొనిరి. వాటిలో పెక్కింట కనబడు ప్రయోగ మొక్కటే: అగర్ పళ్లెము నిండ బాక్టీరియాను పెంచి, నడుమ రేణుద్రవమున తడిపిన చిన్న కాగితపుబిళ్ల నుంచి, మరునాడు దాని చుట్టు ఏర్పడిన స్వచ్ఛమైన వలయము ఎన్ని మిల్లీమీటర్లో కొలుచుట. పాలమీగడ రంగున అలముకొన్న బాక్టీరియా నడుమ ఆ వలయము కంటికి నిశ్చయముగా సంతోషమును గూర్చును. కాని రేణువులు అగర్‌లో సులభముగా ప్రాకలేవు. దూరము ప్రాకునది వాటినుండి కరిగిన వెండి మాత్రమే. కనుక వలయపు కొలత రేణువు శక్తిని తెలుపదు. ఆకు మారిన కొలది తొడుగు మారును, తొడుగు మారిన కొలది గుణము మారును. ఒకరి ఫలితమును మరొకరి ఫలితముతో సరిచూచుటకు వీలులేని ఇన్ని కొలతలు కూడబెట్టుటకంటె, ఒక్క రేణువును ఆమూలాగ్రముగా శోధించుట శాస్త్రమునకు ఎక్కువ మేలు చేయునని నా దృఢవిశ్వాసము.

రేణువు సూక్ష్మజీవిని ఎట్లు చంపుచున్నదను ప్రశ్నపై చాలకాలము రెండు పక్షములుండెను. 2004లో క్రొయేషియా పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడగా, వెండిరేణువుల పాలబడిన ఈ.కోలై కవచమునిండ గుంటలు పడి, రేణువులు ఆ గుంటలలో చేరియుండెను. మరుసటి యేట వెలువడిన మరొక పరిశోధనలో, ఒకటినుండి పది నానోమీటర్ల లోపు రేణువులే కణత్వచమును అంటిపెట్టుకొని లోనికి పోగలవని తేలినది. కనుక రేణువే స్వయముగా కవచమును ఛేదించుచున్నదని ఒక పక్షము. రేణువునుండి కరిగి వెడలు వెండి అయానులే, అనగా విద్యుదావేశము గల వెండి పరమాణువులే, అసలు హంతకములని రెండవ పక్షము. ఈ వివాదమును తేల్చుటకు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమువారు 2012లో ఒక చక్కని ప్రయోగము చేసిరి. వెండిరేణువునుండి అయాను వెలువడవలెనన్న ఆమ్లజని కావలెను. కావున వారు రేణువుల తయారీనుండి పరీక్షవరకు సర్వమును ఆమ్లజని సోకని పెట్టెలో జరిపించిరి. ఆమ్లజని లేకుండ బ్రతుకగల ఈ.కోలై ఆ పెట్టెలో వెండిరేణువుల నడుమ నిర్భయముగా జీవించెను. అయానులు ప్రాణాంతకమగు మోతాదునకు వేలరెట్లు అధికముగా రేణువులను కలిపినను దానికి హాని కలుగలేదు. రేణువుల పరిమాణమును బట్టియు, ఆకారమును బట్టియు శక్తి మారుచున్నదని అంతకుముందు కనుగొనిన వ్యత్యాసములు సైతము, ఏ రేణువు ఎంత త్వరగా అయానులను విడుచుచున్నదను దానితోనే చాలవరకు విశదమైనవి. ఈ ప్రయోగముతో వివాదము సర్వము సమసినదని చెప్పరాదు. బాక్టీరియాను అంటియున్న రేణువు అయానులను సరిగా దాని ముంగిటనే విడుచును గనుక ఆ సామీప్యమునకును విలువ కలదు. కాని ప్రధానసూత్రము స్పష్టము: వెండిరేణువు గాదె, అయాను అందులోని ధాన్యము. గాదె ఎంత చిన్నదో తలుపులు అంత ఎక్కువ.

ఆ అయాను చేయుపని ఒక్కటి కాదు. వెండికిని గంధకమునకును గల ఆకర్షణ ప్రసిద్ధము. ఇంటిలోని వెండిసామాను నల్లబడుటకు గాలిలోని గంధకసమ్మేళనములే కారణము. బాక్టీరియాలోని పెక్కు ఎంజైములు తమ పనిని గంధకముగల భాగములతోనే నిర్వహించును. వెండి అయాను అచ్చట పోయి కూర్చుండును, ఎంజైము స్తంభించును. శ్వాసక్రియను నడపు ఎంజైముల గొలుసు కణత్వచమునందే యుండుటచే మొదటి దెబ్బ దానికే తగులును. త్వచము ప్రోటాన్‌లను నిలుపలేక కారిపోవును. అర్ధాంతరముగా నిలిచిన శ్వాసక్రియనుండి ఆమ్లజని ఉగ్రరూపము దాల్చి కణములోని ద్రవ్యములను దహించును. యాంటీబయాటిక్ మందు సాధారణముగా ఒకే లక్ష్యమును గురిపెట్టును; సూక్ష్మజీవి ఆ ఒక్క లక్ష్యమును మార్చుకొనినచో బయటపడును. వెండి ఒక్కమారే పలుచోట్ల కొట్టుటచే దానిని తప్పించుకొనుట కష్టము. సాధారణముగా, పలుచని గోడగల ఈ.కోలై, సూడోమోనాస్ వంటివి ముందుగను, 20నుండి 80 నానోమీటర్ల దళసరి గోడగల స్టెఫైలొకాకస్ వంటివి ఆలస్యముగను లొంగును.

2015లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఇంకొక వింత గమనించిరి. వెండిచే చచ్చిన సూడోమోనాస్ కణములను చక్కగా కడిగి, వెండి లేని నీటిలో సజీవమైన సూడోమోనాస్‌ల నడుమ వేయగా, ఆ సజీవకణములును చచ్చిపోయెను. చచ్చిన దేహమున చేరిన వెండి అచ్చటనే పోగుబడి యుండి, ఇరుగుపొరుగు కణములలోనికి మెల్లగా తరలుచుండెను. చంపుటలో వెండి ఖర్చుకాదను విషయము, దాని ప్రభావము దీర్ఘకాలము నిలుచుటకు ఒక కారణమును తెలుపుచున్నది.

ఇంత శక్తిగల వస్తువును మ్రింగిన చాలదా యని అడుగవచ్చును. చాలదు. రక్తమునందును, చెమటయందును, జఠరరసమునందును క్లోరైడ్ సమృద్ధిగా నున్నది. వెండి అయాను దానిని కలిసినంతనే కరుగని సిల్వర్ క్లోరైడ్ యగును. ప్రోటీన్‌లలోని గంధకము మిగిలినదానిని పట్టివేయును. పరీక్షనాళికయందు నిమిషములలో ఈ.కోలైను చంపిన ద్రవమే, రక్తద్రవము కలిపినచో నిర్వీర్యమగును. ఉగ్గుగిన్నె విషయమున నేను సంకోచించుటకు కారణ మిదియే: పాలలో క్లోరైడ్‌కును ప్రోటీన్‌లకును కొదువలేదు, కరగిన కాస్త వెండియు వాటికే చాలదు. పైగా, దీర్ఘకాలము వెండిద్రవములు సేవించినవారి చర్మమునందు వెండి నిలిచిపోయి, వెలుతురు తగిలిన ముఖము, చేతులు నీలిబూడిదవర్ణము దాల్చును. ఆ రంగు మరల పోవుట మిక్కిలి దుర్లభము. సర్వరోగనివారిణిగా అమ్మబడు వెండి కొల్లాయిడ్‌లు సురక్షితములును కావు, గుణకారులును కావని అమెరికా ఔషధనియంత్రణశాఖ 1999లోనే ప్రకటించినది. ఇప్పటికిని ప్రకటనలు చూచి వాటిని కొని త్రాగు అమాయకులున్నారు. వారికి ఈ మాట గట్టిగా చెప్పవలసియున్నది.

కావున వెండికి తగిన చోటు దేహమునకు వెలుపల, లేదా దేహపు అంచున. కాలినగాయముల విషయమున 1968లో చార్లెస్ ఫాక్స్ రూపొందించిన సిల్వర్ సల్ఫాడయజీన్ లేపనము దశాబ్దులకొలది ఆశ్రయముగా నుండెను; దానిని పూటపూటకు తుడిచి మరల పూయుట కాలినరోగికి నరకయాతన. అతిసూక్ష్మమైన వెండిస్ఫటికములు పూసిన కట్టులు వచ్చిన పిమ్మట, అయానులు కొన్నిదినములపాటు మెల్లమెల్లగా వెలువడుచుండుటచే, కట్టు విప్పు బాధ తగ్గినది. ఆ ఒక్క ఉపశమనముకొరకైనను ఈ విద్యను నేను గౌరవింతును.

రెండవచోటు త్రాగునీరు. మద్రాసు ఐఐటీలో ప్రదీప్‌గారి బృందము 2013లో ప్రకటించిన వడపోత పదార్థమున వెండి నానోరేణువులు, రొయ్యల పెంకులనుండి లభించు కైటోసాన్‌తోను అల్యూమినియం సమ్మేళనముతోను అల్లిన గూటిలో చిక్కుకొనియుండును. గూడు రేణువులను వదలదు; నీటిలోని లవణములు పేరుకొని రేణువును కప్పివేయకుండ కాచును; అయానులను మాత్రము లీటరుకు 40 మైక్రోగ్రాముల ప్రాంతమున స్థిరముగా విడుచును. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఓర్వదగినదని చెప్పిన పరిమితి లీటరుకు 100 మైక్రోగ్రాములు. విద్యుత్తు అక్కరలేదు, ఒక కుటుంబమునకు ఏడాదికి అయ్యెడి వ్యయము రెండున్నర డాలర్లని వారి అంచనా. 2009లో టాటా సంస్థ విడుదల చేసిన వడపోత యంత్రమున వరిఊక బూడిదకు వెండిరేణువులు అద్దిరి. హైదరాబాదు బాలాపూరులోని ఏఆర్‌సీఐ పరిశోధనాలయమువారు మన యిండ్లలోని మామూలు పింగాణి క్యాండిల్‌కే వెండిరేణువుల పూత నిచ్చు పద్ధతిని రూపొందించిరి. బోరునీటికి దిక్కైన ఊళ్లలో ఇట్టి పనికి గల విలువ ప్రత్యేకముగ చెప్పనక్కరలేదు. అదే వెండిని చెమటకంపు పోగొట్టుటకై మేజోళ్లలో నేయుట చూచినప్పుడు మాత్రము మనసు నొచ్చుకొనును. అరిజోనాలోని పరిశోధకులు 2008లో పరీక్షింపగా, కొన్ని రకముల మేజోళ్లు నాలుగు ఉతుకులలోనే తమ వెండిని ఇంచుమించు అంతయు నీటిపాలు చేసెను. మురుగులో అది చాలవరకు సిల్వర్ సల్ఫైడ్‌గా మారి మందగించునన్నది కొంత ఊరట.

వృథాను గూర్చి నేను పట్టుబట్టుటకు హేతువున్నది. వెండిని తప్పించుకొనుట కష్టమని వ్రాసితిని, అసాధ్యమని వ్రాయలేదు. బోస్టన్ నగరమున ఒక కాలినగాయముల విభాగములో సిల్వర్ నైట్రేట్‌కు లొంగని సాల్మొనెల్లా తలయెత్తి, కొందరు రోగులను బలిగొని, ఆ విభాగమునే మూయించినట్లు 1975లో ప్రకటితమైనది. ఆ బాక్టీరియాను శోధింపగా, వెండి అయానును పట్టియుంచు ప్రోటీన్‌ను, వచ్చినదానిని వచ్చినట్లే వెలుపలికి నెట్టు పంపులను నిర్మించు జన్యువులు దానిలోని ప్లాస్మిడ్ అను చిన్న డీఎన్‌ఏ వలయముపై నున్నట్లు 1999లో తేలినది. ప్లాస్మిడ్ ఒక బాక్టీరియానుండి మరొకదానికి చేతులు మారును. అదే ప్లాస్మిడ్‌పై యాంటీబయాటిక్‌లను త్రోసిపుచ్చు జన్యువులును ఉండుట మరింత ఆందోళనకరము.

అయానుకు విరుగుడు అది. రేణువునకే విరుగుడు వేరొకటి కలదని 2018లో చెక్ దేశమందలి ఒలొమౌత్స్ పరిశోధకులు చూపిరి. ఈ.కోలైను, సూడోమోనాస్‌ను చావనంత మోతాదు వెండిరేణువులలో తరతరములుగా పెంచగా, కొంతకాలమునకు అవి చావుమోతాదునకు సైతము చావలేదు. జన్యువులు పరీక్షింపగా మార్పేమియు లేదు. అవి చేసినదెల్ల, ఈదుటకుపయోగించు కశాభమునకు ముడిసరుకైన ఫ్లాజెలిన్ అను ప్రోటీన్‌ను పుష్కలముగా వెలికి విడుచుట. ఆ జిగటలో చిక్కిన రేణువులు ఒకదానినొకటి అంటుకొని, ఉప్పు వేసిన కుప్పెలో వలెనే గడ్డకట్టి అడుగంటెను. రేణువులకు దట్టమైన తొడుగులు తొడిగి చూచిరి, లాభము లేకపోయెను. చివరకు బాక్టీరియా ఆ ప్రోటీన్‌ను తయారుచేయకుండ అడ్డగించు ద్రవ్యమును కలిపినప్పుడు మాత్రమే వెండి తన శక్తిని తిరిగి పొందెను. ఆ ద్రవ్యము దానిమ్మకాయ తొక్కనుండి తీసిన సారము. ఇప్పుడు రేణువును చిన్నది చేయుట, పదునైన ఆకారమునిచ్చుట అను పాతదారితోపాటు, సూక్ష్మజీవి రేణువుపై విసరు ప్రోటీన్‌ను ముందుగానే అరికట్టు ఇట్టి తోడుద్రవ్యములను వెదకుటయు, తగ్గిన మోతాదు యాంటీబయాటిక్‌ను వెండితో జతపరచి రెండువైపులనుండి ఒక్కమారే కొట్టుటయు పరిశోధనాలయములందు సాగుచున్నవి.